ఎనిమిదిలా కనబడే నాలుగు

మా తాత ఆగస్టు నాలుగో తేదీన పోయాడు. ఆ రోజు శ్రావణ శుద్ధ విదియ. ఈ సంగతి తెలిసీ మేము ముప్పై ఏళ్ళపాటు ఎనిమిదో తేదీ అని, షష్ఠి అని చెప్పుకుంటూ వచ్చాం. చెప్పినవాళ్ళలో మా నాన్న మొదటివాడు, నేను రెండోవాడిని. మా నాన్న క్రితం ఏడాది పోయాడు కాబట్టి ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను.

మా నాన్నకు ఒక్కతే చెల్లెలు, మా మేనత్త. తన తండ్రి నాలుగునే పోయాడని ఆమె చెప్పింది. ఆస్తి మీద ఆశతో తండ్రి పోయిన రోజునే మార్చేసిన మనిషని మావాళ్ళంతా ఆమెను ఆడిపోసుకున్నారు. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి. ఆమె ఉండగానే "నువ్వు చెప్పిందే నిజం అత్తా" అని, నోటి మాటగా కాకుండా కాగితం చేతిలో పెట్టి చెప్పాలనుకున్నాను. అందుకోసమే మేదినీపూర్ జిల్లా కోర్టు చుట్టూ తిరిగాను. ఆ కాగితం దొరికింది. దాంతో ఏం జరిగిందో రాస్తున్నాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పదిహేడేళ్ళ వయసులో బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. ఫిట్టరుగా రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చెయ్యక ముందే పూరీ గేట్ దగ్గర చిన్న స్థలం కొని, రెండు గదులు వేసుకున్నాడు. ఆయనకు చదువు లేదు కానీ సంతకం చేసేవాడు. జీతం పుస్తకంలో అందరూ వేలిముద్ర వేస్తుంటే తను మాత్రం కలం అడిగి, నాలుక కొస బయటపెట్టి, తెలుగులో పేరు రాసేవాడట. ఆ సంతకం గురించి ఆయన చెప్పుకున్నంతగా ఇంటి గురించి కూడా చెప్పుకోలేదు.

మా అత్త మొగుడు పలాస దగ్గర గ్యాంగ్‌మన్. తాత పోయినప్పుడు కబురంది అత్త రైలెక్కి వచ్చేసరికి దహనం అయిపోయింది. తండ్రి ముఖం చూడలేదు. పన్నెండో రోజు అయ్యాక ఇంట్లో ఇంకేమీ అడక్కుండా ఆయన కళ్ళద్దాల డబ్బా అడిగి తీసుకుంది. ఆ డబ్బాలో శ్మశానం ఘాటువాళ్ళు ఇచ్చిన చీటీ మడత పెట్టి ఉంది. దాని మీద పోయినవాడి పేరు, వయసు, తేదీ, అంతా బెంగాలీలో. ఆమెకు బెంగాలీ చదవడం రాదు. తండ్రి కాగితం కదా అని అలాగే దాచుకుంది.

మా ఇంట్లో బెంగాలీ చదవగలిగినవాడిని నేనొక్కడినే. ఆఫీసులవాళ్ళు ఏం రాస్తున్నారో ఇంట్లో ఒకడికైనా తెలియాలని మా నాన్న నన్ను బెంగాలీ మీడియంలో వేశాడు. తెలుగు అక్షరాలు మాత్రం అత్తే నేర్పింది. పెళ్ళి కాకముందు ఆమె నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పలక మీద నా చెయ్యి పట్టి దిద్దించేది.

మూడేళ్ళు గడిచాయి. ఇంటి మీద మరో అంతస్తు వెయ్యాలని మా నాన్నకు బుద్ధి పుట్టింది. దానికి ఇల్లు తన పేరుకు మారాలి. మారాలంటే చెల్లెలి వాటా తేలాలి. ఆయన చెల్లెల్ని అడగలేదు. వీలునామా పుట్టించాడు.

ఆయన చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుందని మా నాన్నకు తెలియదు. రైల్వే కాలనీల్లో పెరిగిన మావాళ్ళకు కాగితమంటే స్టాంపు కాగితమే, మిగతాదంతా పొట్లం కట్టుకునేది. కొత్త స్టాంపు కాగితం కొంటే వెనకాల వెండరు ఆ రోజు తేదీ వేస్తాడు, అప్పటికి తాత పోయి మూడేళ్ళు. ఇంట్లో పాతది ఒకటి మిగిలి ఉంది. తాత పోయిన రెండు రోజులకు, పోస్టాఫీసులో ఆయన పేరున ఉన్న పొదుపు కోసం అఫిడవిట్ రాయించడానికి రెండు కొంటే ఒకటి వాడకుండా ఉండిపోయింది. దాని వెనక తేదీ ఆగస్టు ఆరు. కాబట్టి వీలునామా ఆరో తేదీన రాయాల్సి వచ్చింది. కాబట్టి మా తాత ఆరో తేదీ వరకైనా బతికి ఉండాల్సి వచ్చింది.

దాని మీద సంతకం లేదు. వేలిముద్ర ఉంది. సంతకమైతే వర్క్‌షాపు కాగితాలతో పోల్చి చూస్తారు. ఆయన జీవితంలో ఎక్కడా వేలిముద్ర వెయ్యలేదు కాబట్టి పోల్చడానికి ఇంకోటి దొరకదు. ఆ వేలు ఎవరిదో నాకు తెలియదు. నాది కాదు. అంతవరకే చెప్పగలను.

మా దగ్గర వీలునామా ఉంటే సరిపోదు. అది నిజమైనదేనని కోర్టు ఒప్పుకుని ముద్ర వెయ్యాలి, దాన్ని ప్రొబేట్ అంటారు. వారసులందరికీ నోటీసు వెళ్తుంది. అత్తకూ వెళ్ళింది. ఆమె పలాస నుంచి వచ్చి, మా ఊళ్ళోనే రైల్వేవాళ్ళుండే ట్రాఫిక్ కాలనీలో తెలిసినవాళ్ళింట్లో దిగి, వారం రోజులు ఇంటింటికీ తిరిగి చెప్పింది.

"నాలుగున పోయిన మనిషి ఆరున ఏలిముద్ర ఎలగేసినాడమ్మా? అదీ సంతకం సేసే మనిషి!"

ఆ వారంలో ఒకరోజు పొద్దున్న మా నాన్న షిఫ్టుకు వెళ్తూ, సైకిలు బయటికి తీసి, మళ్ళీ స్టాండు వేసి నా దగ్గరికి వచ్చాడు. నాకప్పుడు ఇరవై రెండు.

"ఒరే, మీ అత్త ఈయేల వస్తాది. ఆ ఘాటు సీటీ తెస్తాది, నిన్ను సదవమంటాది. ఎనిమిదని సెప్పు."

"అది నాలుగు కదా నాన్నా."

"నేనూ సూసినాన్రా దాన్ని. ఎనిమిదిలాగే ఉంటాది. బంగాలీవోళ్ళకది నాలుగు. మనకి ఎనిమిది." ఆ మాటకు ఆయనకే నవ్వొచ్చింది. "అబద్ధమేటుంది అందులో? కంటికి కనబడిందే సెప్పమన్నాను."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బెంగాలీలో నాలుగు అంకె అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి రెండు సున్నాలు పెట్టినట్టు. బెంగాలీ ఎనిమిది వేరు, పైనుంచి దిగిన గీత అడుగున చిన్న మెలిక తిరుగుతుంది. కొత్తగా ఖరగ్‌పూర్ వచ్చిన తెలుగువాళ్ళు నాలుగో నంబరు బస్సును ఎనిమిదనుకుని వదిలేసి ఎండలో నిలబడటం మాకందరికీ నవ్వులాట. ఆ పొరపాటు ఎవరు చేసినా నేను చెయ్యను. బెంగాలీ మీడియంలో పదేళ్ళు లెక్కలు చేసినవాడిని.

అత్త పదకొండింటికి వచ్చింది. పెరట్లో నుయ్యి గట్టు మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. మా అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టి, కొంగు ముడి విప్పి చీటీ తీసింది.

"ఒరే నాన్నా, మీ నాన్న మాట నేన్నమ్మను. లాయరు మాట నమ్మను. నువ్వు సదువు. నువ్వేటంటే అదే."

చీటీ విప్పాను. తేదీ గడిలో రెండు అంకెలు, మధ్యలో గీత. ముందు రోజు, తర్వాత నెల. రోజు నాలుగు. నెల ఎనిమిది. రెండూ పక్కపక్కనే, ఒకదాని పోలిక ఇంకోదానికి లేకుండా ఉన్నాయి.

"ఎనిమిది, అత్తా."

"సరిగ్గా సూడు."

"ఎనిమిదే."

ఆమె చీటీ తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఇంగ్లీషు అంకెలు ఆమెకు బాగానే తెలుసు. క్వార్టరు నంబర్లు, రైలు నంబర్లు, జీతం కవరు మీద టోకెన్ నంబర్లు చూసి పెరిగింది.

"అవున్రా. ఎనిమిదే. మా క్వార్టరు గోడ మీద ఇలగే ఉండేది." వేలు పక్కకు జరిపింది. "మరి ఈ పక్కన మెలికేటి?"

"అది నెల."

అబద్ధం కాదు. అది నెలే. ఎన్నో నెల అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"ఓలమ్మ," అంది అత్త, చెయ్యి నుదుటి మీద పెట్టుకుని. "నాలుగు దినాలు ఎలగ తప్పిపోయినాన్రా? రెండేళ్ళూ తద్దినం విదియనాడే ఎట్టినాడు కదా మీ నాన్న?"

"పంతులు తిథి తప్పు కట్టాడట అత్తా. ఈ ఏడు నుంచి షష్ఠికి మార్చాడు నాన్న."

"అన్నని దొంగన్నాను. ఊరంతా తిరిగి దొంగన్నాను." టీ తాగేసింది. గ్లాసు తనే కడిగి బోర్లించింది. వెళ్తూ చీటీ నా చేతిలో పెట్టి, "నీ దగ్గరుంచు. నేనెక్కడో పారేసీగలను" అంది.

ఆ సాయంత్రం దాన్ని మా నాన్నకు ఇచ్చాను. మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు అత్త కోర్టుకు వెళ్ళి, తనకు అభ్యంతరం లేదని కాగితం రాసిచ్చి పలాస వెళ్ళిపోయింది. ఇల్లు మా నాన్న పేరుకు మారింది. పై అంతస్తు లేచింది. ఆ పై అంతస్తులోనే నా పెళ్ళయింది, నా పిల్లలు పుట్టారు. తర్వాత మా నాన్న అదీ అమ్మేసి ప్రేమ్ బజార్‌లో నాకు జిరాక్సు, టైపింగ్ దుకాణం పెట్టించాడు. పూరీ గేట్ ఇల్లున్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఫ్లాట్లున్నాయి.

అత్తకు పేరొకటి మిగిలింది. మొగుడు పోయాక ఆయన ఉద్యోగం కూతురికి వచ్చి, ఇద్దరూ ఆ ట్రాఫిక్ కాలనీలోనే క్వార్టరు తీసుకున్నారు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అత్త గుమ్మంలోకి రాగానే ఆడవాళ్ళు కళ్ళతో సైగలు చేసుకునేవారు. "అదిగోనర్రా, నాలుగో తారీకు వస్తంది." పిల్లలకు కూడా ఆ పేరే తెలుసు. ఎందుకొచ్చిందో తెలియకుండానే నా కొడుకు ఒకసారి ఆ మాట అన్నాడు. వాడిని కొట్టాను. ఎందుకు కొట్టానో వాడికి చెప్పలేదు.

అప్పటినుంచి నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. హడావిడిలో చదివాను, ఎవరికైనా జరిగే పొరపాటే అని. ఘాటువాళ్ళే తేదీ తప్పు వేసి ఉండొచ్చని. చీటీ ఇచ్చిన రోజు వేరు, పోయిన రోజు వేరు కావచ్చని. ఏళ్ళ తరబడి చెప్పుకుంటే ఏ కథైనా నున్నగా తయారవుతుంది. మా నాన్న పోయాక, తాత తద్దినం నేనే పెట్టాల్సి వచ్చి, పంతులు "తిథి చెప్పండి" అన్నప్పుడు నా నోట షష్ఠి అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాకే అసహ్యం వేసింది. అప్పుడు కోర్టుకు వెళ్ళాలనుకున్నాను. నోటి మాట నమ్మమని అత్తను మళ్ళీ అడిగే మొహం నాకు లేదు.

ఘాటులో పాత రిజిస్టర్లు వానకు తడిసి పోయాయన్నారు. మునిసిపాలిటీలో తాత చావు నమోదే కాలేదు. ఇక మిగిలింది ప్రొబేట్ ఫైలు. ఆ ఘాటు చీటీ అందులో పెట్టి ఉంటారేమోనని ఆశ. కంసావతి వంతెన దాటి మేదినీపూర్ వెళ్ళి, కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద కూర్చునే ఒక మొహురీని పట్టుకున్నాను. మొహురీ అంటే వకీళ్ళ దగ్గర కాగితాల పని చూసే గుమాస్తా. ఈయనకు డెబ్బై ఉంటాయి. నోట్లో పాన్ కదలకుండా బెంగాలీ మాట్లాడతాడు.

"చూడు దాదా, పోయినవాళ్ళ కోసం ఇక్కడికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. ఆస్తి కావలసినవాళ్ళు, ఆస్తి పోగొట్టుకున్నవాళ్ళు. నువ్వే రకం?"

"నాకు తారీకు కావాలి."

"తారీకా? దాన్ని వండుకు తింటావా?" నవ్వి, కాగితం ముందుకు తోశాడు. "ఠీక్ హై. ఇంటిపేరు రాయి, దరఖాస్తు పెట్టినవాడి పేరు రాయి, సంవత్సరం రాయి."

రెండు వారాలకు ఫైలు దొరికింది. తీసి చూపించారు. దరఖాస్తులో మా నాన్న, తన తండ్రి ఎనిమిదిన పోయినట్టు ప్రమాణం చేసి ఉన్నాడు. సాక్షులిద్దరూ ఆయనతో వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళే, ఇద్దరూ ఇప్పుడు లేరు. వీలునామా ఉంది. వేలిముద్ర నీలంగా, శుభ్రంగా, నేటిదిలా ఉంది. ఘాటు చీటీ లేదు.

చివర్లో అత్త ఇచ్చిన కాగితం. అభ్యంతరం లేదని ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు లైన్లు, కింద తెలుగులో ఆమె సంతకం. ఆ కింద ఇంకో లైను. పై విషయమంతా ఆమెకు తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యేలా వివరించినది నేను అని. దాని కింద నా సంతకం.

అత్త వెంట కోర్టుకు వెళ్ళిన సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, నిజంగానే మర్చిపోయాను. చీటీ చదివింది గుర్తుంది, నుయ్యి గట్టు గుర్తుంది. ఆమె పక్కన నిలబడి, ఆ కాగితం చదివి, "మీ అయ్య ఎనిమిదిన పోయాడని ఒప్పుకుంటున్నట్టు" అని తెలుగులో చెప్పి, కింద సంతకం పెట్టింది మాత్రం బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. తాత పోయిన రోజు కోసం వెళ్తే నా సంతకం దొరికింది.

"ఏమైంది దాదా? మొహం అలా పెట్టావు?" అన్నాడు మొహురీ.

"ఇందులో తారీకు తప్పు."

ఆయన ఆశ్చర్యపోలేదు. "చనిపోయినవాడి పేరు మీద బ్యాంకు గానీ పోస్టాఫీసు గానీ ఉండేదా? దానికి వారసుల సర్టిఫికెట్ కోసం వేరే కేసు వేసి ఉంటారు. ముందు అదే వేస్తారు. కన్నీళ్ళు ఆరకముందు వేస్తారు కాబట్టి అందులో జనం నిజం చెబుతారు."

స్టాంపు కాగితాలు రెండు కొన్నది దానికోసమే కదా. మళ్ళీ వెతికించాను. మా ఇంటిపేరుతో అలాంటి కేసే లేదన్నారు. నెల్లాళ్ళ తర్వాత మూడోసారి వెళ్తే మొహురీ నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"మీ నాన్న ఇంగ్లీషులో ఇంటిపేరు రాసిచ్చాడా, నోటితో చెప్పాడా?"

"రాయడం రాదు. నోటితోనే చెప్పి ఉంటాడు."

"అయితే ఒకసారి చెప్పు. మీ నాన్న చెప్పినట్టే చెప్పు."

చెప్పాను. మా ఇంటిపేరు 'వ'తో మొదలవుతుంది. ఆయన దాన్ని పాన్ నములుతూ తిరిగి పలికాడు. ఆయన నోట్లో అది 'బ' అయింది. బెంగాలీ నోటికి 'వ' పలకదు. వానను బాన అంటారు, వంకాయను బంకాయ అంటారు. ముప్పై మూడేళ్ళ క్రితం ఎవరో మొహురీ మా నాన్న నోట విని, తన నోటికి వచ్చినట్టు రాసుకున్నాడు. ప్రొబేట్ దరఖాస్తు వేరు, దాన్లో ఇంటిపేరు నేను ఇంగ్లీషులో రాసిచ్చాను. అందుకే ఒక ఫైలు ఒక అక్షరం కింద, ఇంకో ఫైలు ఇంకో అక్షరం కింద పడి ఉన్నాయి. రెండూ ఎప్పుడూ ఒకే బల్ల మీదకు రాలేదు.

'బ' కింద వెతికితే అరగంటలో దొరికింది. ఆరే ఆరు కాగితాలు. మరణించిన తేదీ ఆగస్టు నాలుగు, ఇంగ్లీషు అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. వారసులు ఇద్దరు: కొడుకు ఒకరు, కూతురు ఒకరు. కింద మా నాన్న సంతకం, వణుకుతూ, పేరులో ఒక గుడి మర్చిపోయి. తండ్రి పోయిన పది రోజులకు పెట్టిన సంతకం అది. దాన్ని చూస్తే ఆయన మీద ఎంతో కొంత జాలి కలిగింది. కలిగిందన్న సంగతీ రాసి పెడుతున్నాను.

నకళ్ళు తీసుకున్నాను. మొహురీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"మీ తాత గొప్పవాడు దాదా. ఒకే కోర్టులో రెండుసార్లు పోయాడు."

ఆదివారం ట్రాఫిక్ కాలనీకి వెళ్ళాను. అత్త క్వార్టరు వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. కూతురు, నాకు మరదలు, కింద కూర్చుని బచ్చలాకు తుంచుతోంది. నా చేతిలో కాగితాలు చూసి అత్త నవ్వింది.

"ఏట్రా, మళ్ళీ ఏదో సంతకమేటి? మా దగ్గర ఇంకేటీ లేదురా నాయనా."

మరదలు పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వాల్సి వచ్చి. చెప్పడానికి నోరు తెరిచేలోపు అత్తే అందుకుంది.

"నువ్వొచ్చినావు, మంచిదే. నీకో మాట సెప్పాలనుకుంటన్నాను. మీ నాన్న పోయినప్పుడు నా నోట మాట రాలేదు. అన్నని దొంగన్నాను కదా, ఊరంతా తిరిగి అన్నాను. ఆడు ఏటీ అన్లేదు నన్ను. నువ్వు సీటీ సదివి సెప్పబట్టి నా కళ్ళు తెరుసుకున్నాయి. నేకపోతే ఆ పాపం నాతో వచ్చీసేది. మీ నాన్న తరపున నువ్వే నన్ను సెమించాలి."

"అమ్మ షష్ఠి షష్ఠికీ ఈ మాటే అంటాది బావా," అంది మరదలు. "పంతులికి బియ్యం, కూరలు ఇచ్చి, తాత పేరు సెప్పి, తర్వాత మావయ్యకి దండం ఎట్టుకుంటాది."

షష్ఠికి. ఈమె కూడా షష్ఠికే ఇస్తోంది. అంతవరకు నేను అనుకున్నది ఏమిటంటే, ఆమె లోపల్లోపల విదియనే పట్టుకుని, మా మీద కోపంతో, తను చెప్పిందే నిజమని తెలిసి, ఎవరూ నమ్మలేదన్న బాధతో బతుకుతోందని. ఆ బాధ తీర్చడానికి కాగితం తెచ్చాను. ఆమెకు ఆ బాధే లేదు. తనే అబద్ధమాడానని ఆమె నమ్ముతోంది.

అక్కడే ఆగిపోయి, ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పి లేచి రావచ్చు. ఆ ఆలోచన వచ్చింది. కానీ కాగితాలు మరదలు చేతిలోకి వెళ్ళిపోయాయి. ఆమె రైల్వేలో క్లర్కు, ఇలాంటివి రోజూ చూస్తుంది.

"ఇదేటి బావా? తాత పేరు కదా? నాలుగో తేదీ అనుంది?"

చెప్పాను. స్టాంపు కాగితం గురించి, రెండు ఫైళ్ళ గురించి, అన్నీ. అత్త వింటూ కూర్చుంది. అర్థమవుతోందో లేదో తెలియలేదు. చివరికి, "ఆ సీటీలో అంకె ఎలగుండేది? గీసి సూపించు" అంది.

నకలు వెనక వైపు గీశాను. బెంగాలీ నాలుగు, మధ్యలో గీత, బెంగాలీ ఎనిమిది. ఆమె వేలు ఒక దాని మీద పెట్టి, తర్వాత రెండో దాని మీద పెట్టింది.

"ఇదీ ఇదీ ఒకటి కావు కదరా."

"కావత్తా."

"మెలికది ఎనిమిదా?"

"అవును."

"నీకప్పుడు తెల్దు కదా? సరిగా సూళ్ళేదు కదా?" నా మోకాలి మీద చెయ్యి వేసింది. "కుర్రోడివి. తొందర్లో సదివీసినావు. పొరపాటు. అంతే కదా?"

నకలు వెనక నేను గీసిన రెండు అంకెల వైపు చూశాను.

"పొరపాటని సెప్పీ నాన్నా. సెప్పీసి ఎళ్ళు."

అలా అంటే చాలు. ముప్పై ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న మాటే, ఆమెకు ఒక్కసారి చెబితే సరిపోతుంది. మరదలు నా వైపే చూస్తోంది. చెప్పమన్నట్టో వద్దన్నట్టో ఇప్పటికీ నాకు తెలియదు.

"తెలిసే చెప్పాను అత్తా," అన్నాను.

ఆమె నా మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసింది. తర్వాత ఎవరితోనో మామూలు విషయం అడుగుతున్నట్టు అడిగింది.

"మరిన్నేళ్ళూ షష్ఠినాడు నేనిచ్చిన బియ్యం ఎవరికెళ్ళినట్టు?"

"అమ్మా, ఊరుకో," అంది మరదలు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అప్పుడు నువ్వు నాలుగని సెప్తుంటే నేను కూడా నోరు మూసుకోమనీదాన్ని కదే. అందరూ నవ్వుతారు మూసుకో, అనీదాన్ని."

"ఎన్నిసార్లు సంపుతారర్రా మా అయ్యని," అంది అత్త. గొంతు పెంచలేదు. "ఓసారి నాలుగున, ఓసారి ఎనిమిదిన, మళ్ళీ ఈయేల. ఆ కాయితాలట్టుకుని ఎళిపో."

వచ్చేశాను. కాగితాలు అక్కడే వదిలేశాను, మరదలు పిలిచి మళ్ళీ నా చేతికిచ్చింది.

తర్వాత ఒక వకీలును కలిశాను. మా నాన్న లేడు, సాక్షులు లేరు, ఇల్లు చేతులు మారి మారి ఇప్పుడు పన్నెండు కుటుంబాలు ఉంటున్నాయి, ఏం సరిచెయ్యమంటావని అడిగాడు. నాకు తెలిసిన బంధువులందరికీ ఫోను చేసి, అత్త చెప్పిందే నిజమని, నేను తెలిసే అబద్ధం చెప్పానని చెప్పాను. కొందరు పాత గొడవలు ఇప్పుడెందుకన్నారు. ఒకాయన, "నాలుగో తారీకు ఇప్పుడు నెగ్గిందన్నమాట" అని నవ్వాడు.

శ్రావణం వచ్చింది. విదియనాడు మా ఇంట్లో తాత తద్దినం పెట్టాను. అత్తను పిలవడానికి వెళ్తే తలనొప్పిగా ఉందని కూతురితో చెప్పించింది. షష్ఠి వెళ్ళిన మర్నాడు మరదలు ఫోను చేసింది.

"బావా, అమ్మ ఈ ఏడు బియ్యం ఇవ్వలేదు."

"విదియనాడా?"

"విదియనాడూ నేదు, షష్ఠినాడూ నేదు. పంతులొచ్చి గుమ్మంలో నిలబడితే లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఏటమ్మా, ఏదో ఒకనాడు ఇచ్చీ అంటే, 'మా అయ్య ఎప్పుడు పోయినాడో నాకు తెల్దు' అంటంది."

"నాలుగే కదా. కాగితం ఉంది కదా."

"అదే సెప్పినాను బావా. కాయితం మీద నీకు నమ్మకం నేదా అన్నాను. సదివినోడు ఎవడని అడిగింది."